పదిహేడో నంబరు నియోజకవర్గం అసలు ఎవరిది?

సన్నీవేల్_సుధాకర్
మా అమ్మాయికి బడిలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు: మన కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గం చరిత్ర, ఇంతవరకూ ప్రాతినిధ్యం వహించినవారి జాబితా. మాది కాలిఫోర్నియా 17. ఇప్పుడు రో ఖన్నా, ఆయనకు ముందు మైక్ హోండా. అంతవరకూ బాగానే ఉంది. హోండాకు ముందు 20 ఏళ్ళు శామ్ ఫార్ అని రాసి ఉంది. ఆయనది మాంటెరీ తీరం, ఇక్కడి నుంచి కారులో గంటకు పైనే. ఆయన సన్నీవేల్‌కు ప్రతినిధి ఎప్పుడయ్యాడు? ఇంకా వెనక్కి వెళితే ఫ్రెస్నో ద్రాక్షతోటల వాళ్ళు, అంతకు ముందు లాస్ ఏంజెలెస్ రేవు వాళ్ళు! ఇది ఒక చోటి చరిత్రా, దేశదిమ్మరి చరిత్రా? తెలిసినవాళ్ళు కాస్త విడమరచి చెప్పండి. పిల్ల నన్ను నమ్ముకుని కూర్చుంది.

నల్లేరు
పిల్లల ప్రాజెక్టులు తండ్రులు చేయడం అమెరికా వెళ్ళినా మారలేదన్నమాట.

పాతకాపు
జాబితా సరైనదే సుధాకర్ గారూ. నంబరు మీది, ఆ చరిత్ర మాత్రం మీది కాదు. నియోజకవర్గాల పటం తిరిగి గీసినప్పుడు నంబర్లు చోటు మారుతుంటాయి.

1930 జనగణన తర్వాత కాలిఫోర్నియా సీట్లు ఒక్కసారిగా 11 నుంచి 20కి పెరిగాయి. 17 అప్పుడు పుట్టింది, లాస్ ఏంజెలెస్‌లోని శాన్ పెడ్రో రేవు వైపు. 1933లో తొలి సభ్యుడు చార్లెస్ కోల్డెన్, పదవిలో ఉండగానే పోయారు. తర్వాత వచ్చిన లీ గేయర్ కూడా అంతే. ఆ సీటుకు ఏదో దోషం ఉందని జనం అనుకునే లోపు ఉప ఎన్నికలో సెసిల్ కింగ్ గెలిచి, 1942 నుంచి 1969 దాకా కదలకుండా కూర్చున్నారు. 65 దాటినవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ 1965లో చట్టమైంది. దానికి ముందు వచ్చిన రూపమే కింగ్-ఆండర్సన్ బిల్లు. ఆ కింగ్ ఈయనే. తర్వాత నాలుగేళ్ళు గ్లెన్ ఆండర్సన్.

1973లో నంబరు ఉత్తరానికి దూకి శాన్ ఫ్రాన్సిస్కో కింది భాగానికి వచ్చింది. సభ్యుడు పీట్ మెక్‌క్లాస్కీ. రిపబ్లికన్ అయి ఉండి, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ 1972లో సొంత పార్టీ అధ్యక్షుడు నిక్సన్ మీదే ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో) పోటీ చేసిన మొండి మనిషి. రెండేళ్ళకే నంబరు మళ్ళీ కదిలి ఫ్రెస్నోకు పోయింది. జాన్ క్రెబ్స్, చిప్ పషాయన్, కాల్ డూలీ అక్కడివాళ్ళు. 1993లో మాంటెరీ. అక్కడ లియోన్ పనెట్టా కొత్త సభలో నెల తిరక్కుండానే క్లింటన్ బడ్జెట్ కార్యాలయానికి వెళ్ళిపోతే, ఉప ఎన్నికలో మీ శామ్ ఫార్ వచ్చారు. 2013లో నంబరు మీ ఊరికి చేరింది.

కందిపొడి
బిల్లులో ఉన్న ఆండర్సన్, ఈ గ్లెన్ ఆండర్సన్ ఒక్కరేనా?

పాతకాపు
కాదు. బిల్లులో ఉన్నాయన న్యూ మెక్సికో సెనేటర్ క్లింటన్ ఆండర్సన్.

నల్లేరు
ఆర్టీసీ వాళ్ళు ఒక రూటు ఎత్తేసి ఆ బస్సు నంబరును ఇంకో రూటుకు తగిలించినట్టుంది. పాత బస్టాపులో ముసలాయన ఇంకా ఎదురుచూస్తుంటాడు.

మిల్పిటాస్_మల్లిక
అందుకే నంబరు పట్టుకుని వెళ్ళకూడదు, నేల పట్టుకుని వెళ్ళాలి. మన లోయకు, అదే సిలికాన్ వ్యాలీకి, ప్రతినిధులు ఎవరని అడిగితే ఎంత చక్కటి వరుస వస్తుందో చూడండి: నార్మన్ మినెటా, టామ్ క్యాంబెల్, మైక్ హోండా, రో ఖన్నా. మినెటా కాలంలో మొదట 13, తర్వాత 15. హోండా కాలంలో 15, తర్వాత 17. నంబరు ఏదైతేనేం?

ఆ పిల్లకు మినెటా గురించి తప్పకుండా చెప్పండి. శాన్ హోసేలో పుట్టిన జపనీస్ కుటుంబం. జపాన్‌తో యుద్ధం వచ్చిందని 1942లో జపనీస్ మూలాల వాళ్ళను నిర్బంధ శిబిరాలకు తరలిస్తూ సైన్యం వాళ్ళనూ రైలెక్కించినప్పుడు ఆయనకు పదేళ్ళు. కబ్ స్కౌట్ యూనిఫాం వేసుకుని, చేతిలో బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుని స్టేషన్‌కు వచ్చాడు. అది ఆయుధం కింద లెక్క అని సైనికులు లాక్కున్నారు. వయోమింగ్‌లో హార్ట్ మౌంటెన్ శిబిరంలో ముళ్ళకంచె వెనక పెరిగాడు. అక్కడికి స్కౌట్ల తరఫున వచ్చిన ఒక స్థానిక కుర్రవాడితో స్నేహమైంది. ఆ కుర్రవాడే తర్వాత సెనేటర్ అయిన అలన్ సింప్సన్. ఒకరు డెమోక్రాట్, ఒకరు రిపబ్లికన్, అయినా జీవితాంతం స్నేహితులు.

చాలా ఏళ్ళ తర్వాత ఈ బ్యాట్ సంగతి తెలిసిన అభిమాని ఒకరు ప్రసిద్ధ ఆటగాళ్ళ సంతకాలున్న ఖరీదైన బ్యాట్‌ను బహుమతిగా పంపారు. కాంగ్రెస్ సభ్యులు తీసుకోదగ్గ బహుమతుల పరిమితి దాటిందని దాన్ని తిప్పి పంపాల్సి వచ్చింది. ప్రభుత్వం నా బ్యాట్‌ను మళ్ళీ లాక్కుందని ఆయన నవ్వుతూ చెప్పుకునేవారట.

గోదారిగట్టు
ఇది చదివి కాసేపు ఆగిపోయాను. శిబిరాల్లో ఉన్నవాళ్ళకు పరిహారం ఇచ్చిన చట్టం కూడా ఆయన పట్టుదలేనా?

మిల్పిటాస్_మల్లిక
ఆయన ముందుండి నడిపించారు. 1988 ఆగస్టులో రీగన్ సంతకం చేశారు. బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు, దేశం తరఫున క్షమాపణ. బిల్లు నంబరు 442 అని పెట్టుకున్నారు, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన జపనీస్ అమెరికన్ల దళం నంబరు అది. సుధాకర్ గారి నంబరు గోల మధ్యలో అర్థమున్న నంబరు అదొక్కటే.

లెక్కలమాస్టారు
మల్లిక గారి వరుస అందంగా ఉంది. అందుకే అనుమానం. 'మన లోయ' అంటే ఏ ఊరు? సుధాకర్ గారు ఉండేది సన్నీవేల్. 2013కు ముందు సన్నీవేల్ 14లో ఉండేది, ప్రతినిధి ఆనా ఎషూ. హోండా 15లో శాంటా క్లారా, క్యూపర్టీనో, మిల్పిటాస్ ఉండేవి. ఫ్రీమాంట్, న్యూఆర్క్ 13లో, పీట్ స్టార్క్ దగ్గర. 2011లో ఈ మూడు చోట్ల నుంచి ముక్కలు తెచ్చి కుట్టి, దానికి 17 అని పేరు పెట్టారు. కాబట్టి ఫ్రీమాంట్ పిల్లకు ఒక చరిత్ర, సన్నీవేల్ పిల్లకు ఒకటి, మిల్పిటాస్ పిల్లకు మరొకటి. మిల్పిటాస్ చరిత్రను అందరికీ అంటగట్టడం న్యాయం కాదు.

మిల్పిటాస్_మల్లిక
అంటగట్టలేదు మాస్టారూ, పంచిపెట్టాను.

ఫ్రీమాంట్_రవి
మాస్టారు చెప్పింది నిజం. మా వైపు వాళ్ళకు మినెటా ఎవరో కూడా తెలియదు. మాకు స్టార్క్. 1973 నుంచి 40 ఏళ్ళు సభలో ఉన్నారు. దేవుడిని నమ్మనని బహిరంగంగా చెప్పిన కాంగ్రెస్ సభ్యుడు. 2012లో సొంత పార్టీ కుర్రవాడు ఎరిక్ స్వాల్‌వెల్ చేతిలో ఓడిపోయారు. అదే ఏడాది హోండా మాకు వచ్చారు. సరిగా చెప్పాలంటే మా వీధి స్టార్క్ నుంచి హోండాకు మారింది, మేం ఎవరికీ ఓటు మార్చలేదు.

సన్నీవేల్_సుధాకర్
అందరికీ ధన్యవాదాలు, కానీ చిక్కు ఇంకా పెరిగింది. మాది ఎషూ నుంచి హోండా, హోండా నుంచి ఖన్నా అయితే ఆ జాబితాలో ఎషూ పేరే లేదు. టీచరుకు ఏమని రాయాలి?

లెక్కలమాస్టారు
రెండు నిలువు వరుసలు గీయించండి. ఒకదానిలో 17 ఎక్కడెక్కడ తిరిగిందో, రెండోదానిలో మీ ఇల్లు ఏ ఏ నంబర్ల కింద ఉందో. రెండూ కలిసేది 2013లో. అక్కడ ఎర్ర సిరాతో సున్నా చుట్టమనండి. ఈ బొమ్మ చూసిన టీచరు మార్కులు తగ్గిస్తే నన్ను అడగండి.

కందిపొడి
హోండా కూడా శిబిరంలో ఉన్నారని విన్నాను, నిజమేనా?

మిల్పిటాస్_మల్లిక
నిజం. 1941లో పుట్టారు, పసివాడిగా ఉన్నప్పుడే కొలరాడోలోని అమాచీ శిబిరానికి తీసుకెళ్ళారు. తర్వాత పీస్ కోర్ (విదేశాల్లో సేవకు అమెరికా పంపే స్వచ్ఛంద దళం) తరఫున ఎల్ సాల్వడార్ వెళ్ళి వచ్చి, శాన్ హోసేలో టీచరుగా, ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఒకే లోయ నుంచి శిబిరాల్లో పెరిగిన ఇద్దరు సభకు వెళ్ళారు. అలాంటి మనిషిని 2016లో ఓడించారు. నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఫ్రీమాంట్_రవి
గౌరవం వేరు, పని వేరు. అప్పటికి హోండా మీద నైతిక విచారణ నడుస్తోంది, కార్యాలయ సిబ్బందిని ఎన్నికల పనికి వాడారని ఆరోపణ. ఖన్నా ఇల్లిల్లూ తిరిగారు. మా కాలనీలోకి వచ్చినప్పుడు మా నాన్నగారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఓటు లేని మనిషి అని తెలిసి కూడా ఆగి, పంజాబు గురించి, వాళ్ళ తాతగారి గురించి మాట్లాడి వెళ్ళారు. ఆ తాతగారు అమర్‌నాథ్ విద్యాలంకార్, లాలా లజపతిరాయ్‌తో పనిచేసి జైలుకు వెళ్ళినవారు, తర్వాత లోక్‌సభ సభ్యుడు.

మిల్పిటాస్_మల్లిక
టెక్ కంపెనీల పెద్దల డబ్బు సంగతి కూడా చెప్పండి మరి. 2014లో వాళ్ళంతా ఖన్నా వెనక, కార్మిక సంఘాలు హోండా వెనక. ఇద్దరూ డెమోక్రాట్లే. అసలు పోటీ పార్టీల మధ్య కాదు, లోయలో పాత కాపులకూ కొత్త సంపన్నులకూ మధ్య.

పాతకాపు
నన్నెందుకు లాగుతారు మధ్యలో.

కందిపొడి
ఒకే పార్టీ వాళ్ళు నవంబరులో ఎలా పోటీ చేస్తారు? ప్రైమరీలోనే తేలిపోవాలి కదా?

లెక్కలమాస్టారు
కాలిఫోర్నియాలో 2010లో ఓటర్లు 14వ ప్రతిపాదన ఆమోదించారు. జూన్‌లో అన్ని పార్టీల వాళ్ళూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, మొదటి ఇద్దరు నవంబరుకు వెళతారు. ఇద్దరిదీ ఒకే పార్టీ అయినా ఫరవాలేదు. అందుకే స్టార్క్ మీద స్వాల్‌వెల్, హోండా మీద ఖన్నా. పాత పద్ధతే ఉంటే 2014 జూన్‌లో హోండా గెలిచి, నవంబరులో రిపబ్లికన్‌ను చిత్తు చేసి ఇంటికి వెళ్ళేవారు. 2014 నవంబరులో 52-48 దగ్గర హోండా బయటపడ్డారు. 2016లో 61-39తో ఖన్నా. ఖన్నాకు అది తొలి ప్రయత్నం కూడా కాదు. 2004లోనే టామ్ లాంటోస్ మీద నిలబడి ఓడిపోయారు. లాంటోస్ హిట్లర్ మారణకాండ నుంచి బతికి బయటపడినవారు, అలాంటివారు కాంగ్రెస్‌లో ఆయన ఒక్కరే.

షుగర్‌ల్యాండ్_శేషు
మీ కాలిఫోర్నియా వాళ్ళకు నంబరు నడవడమే వింతగా ఉంది. మా టెక్సాస్ 22 చూడండి, అది నడవలేదు, గీతలే పాకాయి. మా సీటులో ఒకప్పుడు రాన్ పాల్, తర్వాత 1985 నుంచి టామ్ డిలే. జనగణన అయిపోయి పటం గీసేశాక కూడా, 2003లో మధ్యలోనే పటం మళ్ళీ గీయించిన ఘనుడు ఆయనే. 2006లో ఆయన తప్పుకున్నారు, కానీ బ్యాలెట్ మీద పేరు మార్చడానికి కోర్టు ఒప్పుకోలేదు. రిపబ్లికన్ల తరఫున షెల్లీ సెకులా-గిబ్స్ పేరును ఓటర్లే రాయాలి. మధ్యలో గీత ఉన్న అంత పొడుగు పేరు! అదే రోజు మిగిలిన కాలానికి ఉప ఎన్నికలో ఆవిడ గెలిచారు, పూర్తి కాలానికి మాత్రం డెమోక్రాట్ నిక్ లాంప్సన్ గెలిచారు. అంటే ఆవిడకు దక్కింది కొన్ని వారాల పదవి.

నల్లేరు
మన పేర్లయితే? ఇంటిపేరుతో సహా రాయమంటే పోలింగు మర్నాటికి కూడా పూర్తి కాదు.

షుగర్‌ల్యాండ్_శేషు
2018లో శ్రీ ప్రెస్టన్ కుల్కర్ణి ఇక్కడ పోటీ చేసినప్పుడు ఎన్నో భాషల్లో ఫోన్లు చేయించారు. అప్పటిదాకా మమ్మల్ని ఏ పార్టీ పలకరించలేదు. ఆయన ఓడిపోయారు, పలకరించడం మాత్రం రెండు పార్టీలూ నేర్చుకున్నాయి.

వరుసలో_ఉన్నవాడు
ఇదంతా ఓటున్నవాళ్ళ ముచ్చట. నేను క్యూపర్టీనోలో హెచ్1బి మీద ఉన్నాను, గ్రీన్ కార్డు వరుస ఎప్పటికి కదులుతుందో తెలియదు. పన్నులు కడతాను, పిల్లలు ఇక్కడే పుట్టారు. ఈ చరిత్రలో నా పాత్ర ఏమిటి?

లెక్కలమాస్టారు
మీరు అనుకున్నదానికంటే ఎక్కువ. సీట్లు పంచేది ఓటర్లను లెక్కపెట్టి కాదు, మనుషులను లెక్కపెట్టి. రాజ్యాంగం 14వ సవరణలో ఉన్నది 'వ్యక్తుల మొత్తం సంఖ్య'. 1964లో సుప్రీంకోర్టు వెస్బరీ కేసులో నియోజకవర్గాల జనాభా వీలైనంత సమానంగా ఉండాలంది. 2020 లెక్కల ప్రకారం కాలిఫోర్నియాలో ఒక్కొక్క దానికి సుమారు 7.6 లక్షల మంది. అందులో మీరూ, మీ ఇంట్లోవాళ్ళూ ఉన్నారు. మీలాంటివాళ్ళు లోయ నిండా ఉండబట్టే ఈ సీటు ఇంత చిన్న విస్తీర్ణంలో సరిపోయింది.

వరుసలో_ఉన్నవాడు
అంటే నన్ను లెక్కలో వేసుకుని, నా వాటా ఓటు పక్కింటివాళ్ళు వేస్తారు. బాగుంది మాస్టారూ.

గోదారిగట్టు
లెక్కలో కూడా వేసుకోకూడదనే వాళ్ళు ఈ దేశంలో బోలెడుమంది ఉన్నారు. దాంతో పోలిస్తే ఇది మేలు.

వరుసలో_ఉన్నవాడు
మేలు అంటే ఒప్పుకోను. 2019లో గ్రీన్ కార్డులకు దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లు దిగువసభలో 365-65తో గెలిచింది. దాన్ని తెచ్చింది మన పక్క నియోజకవర్గం జో లాఫ్‌గ్రెన్. నేను ఆ రాత్రి మిఠాయిలు కొన్నాను. తర్వాత ఏమైంది? సెనేటు దాన్ని మార్చి రాసింది, రెండు సభలకూ పొత్తు కుదరలేదు, గడువు ముగిసింది. ప్రతినిధి మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు, ఓటు లేనివాడి పని ఎప్పుడూ వరుసలో చివరే.

మిల్పిటాస్_మల్లిక
ఒక్కటి మాత్రం చెబుతాను. మా మరిది పాస్‌పోర్టు కాగితాలు ఎక్కడో ఇరుక్కుంటే ప్రతినిధి కార్యాలయానికి ఫోన్ చేశాం. మీకు ఓటుందా అని అడగలేదు. అడ్రసు అడిగారు, సంతకం పెట్టిన అనుమతి పత్రం పంపమన్నారు, వాళ్ళే సంబంధిత శాఖకు రాశారు. పని అయింది. నియోజకవర్గంలో ఉంటే చాలు, అడగవచ్చు.

వరుసలో_ఉన్నవాడు
ఇది నాకు తెలియదు. రేపే చేస్తాను.

హన్మకొండ_వాసి
ఇంత చదివాక మన దగ్గరే నయం అనిపించింది, కానీ నిజంగా నయమా? మనకు నంబర్ల బదులు ఊరి పేర్లు. 2009 ఎన్నికల నుంచి కొత్త పునర్విభజన వచ్చాక మా హన్మకొండ లోక్‌సభ స్థానమే లేదు. సిద్దిపేట, మిర్యాలగూడ, భద్రాచలం, తెనాలి, బొబ్బిలి, పార్వతీపురం కూడా అలాగే మాయమయ్యాయి. మల్కాజ్‌గిరి, చేవెళ్ళ, భువనగిరి, జహీరాబాద్, అరకు కొత్తగా వచ్చాయి. పీవీ నరసింహారావు 1977, 1980లలో గెలిచింది హన్మకొండ నుంచి. ఒక ప్రధానమంత్రిని తొలిసారి లోక్‌సభకు పంపిన నియోజకవర్గం ఈ రోజు పటంలో లేదు. నంబరైతే కనీసం ఇంకో ఊళ్ళో బతికుంటుంది.

లెక్కలమాస్టారు
ఇంకో తేడా ఉంది. అక్కడ పదేళ్ళకోసారి సీట్లను రాష్ట్రాల మధ్య తిరిగి పంచుతారు. మన దగ్గర రాష్ట్రాలవారీ సీట్ల సంఖ్య 1971 జనాభా లెక్కల దగ్గరే ఆగిపోయింది. అమెరికాలో జనం పెరిగినా సభ 435 దగ్గరే ఆగింది కాబట్టి ఒకరికి రావాలంటే ఇంకొకరి నుంచి తీయాలి. 2020 లెక్కల తర్వాత కాలిఫోర్నియా సీట్లు 53 నుంచి 52 అయ్యాయి. ఆ రాష్ట్ర చరిత్రలో సీటు పోవడం అదే మొదటిసారి. మల్కాజ్‌గిరిలో ఓటర్లే 30 లక్షలు దాటారు. వాళ్ళందరికీ ఒక్క ఎంపీ.

నల్లేరు
మల్కాజ్‌గిరిని కాలిఫోర్నియాకు పంపితే నలుగురు ప్రతినిధులు వస్తారు. ట్రాఫిక్ మాత్రం వాళ్ళు భరించలేరు.

కందిపొడి
మనవాళ్ళు ఎవరైనా కాంగ్రెస్‌లో ఉన్నారా? తెలుగువాళ్ళు అంటున్నాను.

పాతకాపు
ప్రతినిధుల సభలో ఇంతవరకూ లేరు. దగ్గరగా వచ్చింది అరుణా మిల్లర్, హైదరాబాద్‌లో పుట్టిన కాట్రగడ్డ వారి అమ్మాయి. 2018లో మేరీలాండ్ 6 ప్రైమరీలో రెండో స్థానంలో నిలిచారు. అక్కడ గెలవలేదు కానీ 2022లో ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచారు.

భారతీయుల్లో మొదటివారు దలీప్ సింగ్ సౌంద్, 1956లో, కాలిఫోర్నియా 29 నుంచి. గణితంలో డాక్టరేటు చేసి, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు లేక ఇంపీరియల్ లోయలో వ్యవసాయం చేశారు. 1946లో చట్టం మారేదాకా మనవాళ్ళకు పౌరసత్వం లేదు. ఆయనకు 1949లో వచ్చింది. మరుసటి ఏడాది జడ్జి పదవికి గెలిస్తే, పౌరుడై ఏడాది నిండలేదని ఇవ్వలేదు. 1952లో మళ్ళీ గెలిచి కూర్చున్నారు. 1963లో ఆయన సభ నుంచి దిగాక, 2005లో బాబీ జిందాల్ వచ్చేదాకా ఇంకో భారతీయుడు లేడు.

వరుసలో_ఉన్నవాడు
సౌంద్ గారి వరుస నాకంటే పొడుగు. కొంచెం ధైర్యం వచ్చింది.

ఫ్రీమాంట్_రవి
ఈ గీతలు ఎవరు గీస్తారన్నది ఎవరూ చెప్పలేదు. 2001లో శాసనసభే గీసుకుంది, ఉన్నవాళ్ళెవరూ ఓడకుండా. ఆ పటంతో జరిగిన అయిదు ఎన్నికల్లో 53 స్థానాల్లో పార్టీ మారింది ఒకే ఒక్కసారి, 2006లో రిచర్డ్ పాంబో ఓడినప్పుడు. అందుకు విసిగి ఓటర్లు 2008, 2010లలో ఆ పని పౌరుల కమిషన్‌కు అప్పజెప్పారు. 14 మంది, అయిదుగురు ఒక పార్టీ, అయిదుగురు ఇంకో పార్టీ, నలుగురు ఏ పార్టీ కానివాళ్ళు. మొదటి ఎనిమిదిమందిని లాటరీ తీసి ఎంచుతారు. మన 17ను హవాయీ బయట ఆసియా మూలాల వాళ్ళే సగానికి పైగా ఉన్న తొలి నియోజకవర్గంగా కుట్టింది ఆ కమిషనే.

మిల్పిటాస్_మల్లిక
ఆ కమిషన్ పటాన్ని 2025 నవంబరులో మనమే పక్కన పెట్టాం కదా, 50వ ప్రతిపాదనతో. 2026, 2028, 2030 ఎన్నికలకు శాసనసభ గీసిన పటమే.

ఫ్రీమాంట్_రవి
టెక్సాస్ వాళ్ళు మధ్యలో గీసుకున్నందుకు జవాబుగా. శేషు గారి డిలే గారి బాటే.

షుగర్‌ల్యాండ్_శేషు
దానికీ నేనే బాధ్యుడినా? నేను అవునన్నానా, కాదన్నానా? మమ్మల్ని ఎవరూ ఓటు కూడా అడగలేదు. మీరు కనీసం బ్యాలెట్ మీద పెట్టుకుని మరీ చెడగొట్టుకున్నారు.

మిల్పిటాస్_మల్లిక
నేను వద్దనే ఓటు వేశాను. మా ఇంట్లో మావారు కావాలని వేశారు. రెండు రోజులు వంటింట్లో పార్లమెంటు నడిచింది.

గోదారిగట్టు
ఎవరు గెలిచారు?

మిల్పిటాస్_మల్లిక
రాష్ట్రంలో మావారు. ఇంట్లో ఇంకా లెక్కింపు జరుగుతోంది.